గుర్తు పెట్టిన చోటు

నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన రోజు నన్ను ఆపాలని చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఇంజనీరుగారు, రెండోవాడు గుంతలు తవ్వే మామ.

ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి, నా కాగితం పక్కన పెట్టి, "ఏడాది సెలవు పెట్టి వెళ్ళవయ్యా. నచ్చకపోతే తిరిగొచ్చి ఇదే పనిలో చేరు. పర్మినెంటు ఉద్యోగాన్ని ఎవరైనా ఇలా కాలదన్నుకుంటారా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పరాయి దేశంలో నేను నిలబడలేనని కదా ఆయన లెక్క! "సెలవు పెట్టడం కాదు సార్, సెలవు తీసుకుంటున్నాను" అన్నాను. పక్కనున్న గుమాస్తాలు ఘొల్లున నవ్వారు. ఆ మాట అంత బాగా కుదిరినందుకు వారం రోజులు నాలో నేనే మురిసిపోయాను.

మామ మాత్రం నవ్వలేదు. మామ అంటే నాకు చుట్టమేమీ కాదు. నేను పనిలో చేరిన మొదటి రోజే "ఏం అల్లుడూ" అన్నాడు, నేను "ఏం మామా" అన్నాను, ఆ వరస అలా ఉండిపోయింది. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. ఆ రోజు స్టోరు గది గుమ్మంలో కూర్చుని పార అంచుకు అంటిన మట్టి గీకుతున్నాడు.

"అల్లుడూ, అక్కడ గుంతలు ఎవరు తవ్వుతారు?" అని అడిగాడు.

"ఎవరో ఒకరు తవ్వుతారులే మామా. నీలా పారకో కబురు చెప్పుకుంటూ మాత్రం తవ్వరు."

"అది కాదు..." అని ఆగిపోయాడు. మట్టి గీకడం కూడా ఆపాడు. "సర్లే. ఇంకోసారి ఆలోచించుకో. నా మాటగా ఆలోచించుకో."

వీడికీ కుళ్ళేనా అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

నా ఉద్యోగమేమిటో చెప్పాలి. మా ఊరి నీళ్ళ ఆఫీసులో నా పని వినడం. నవ్వకండి, దానికి జీతం ఇస్తారు. భూమిలో ఇనప పైపు ఎక్కడో చిల్లు పడుతుంది. నీళ్ళు పైకి రావు, మట్టిలోనే ఇంకిపోతుంటాయి. పైన రోడ్డు చూస్తే పొడిగా, పెళ్ళికొడుకులా ఉంటుంది. అప్పుడు తెల్లవారుజామున, వీధిలో సందడి మొదలవకముందే, నాలాంటివాడు వెళ్ళాలి. చేతిలో ఛాతీ ఎత్తున్న ఇనప కడ్డీ, దాని కొసన దోసెడంత చెక్క గుండీ. కడ్డీని పైపు వాల్వు మీద ఆనించి, గుండీకి చెవి ఆనించి వినాలి. బాగున్న పైపు పలకదు. చిల్లు పడ్డ పైపులోంచి సన్నగా బుస వస్తుంది. ఆ బుస ఎటు పోతే ఎక్కువవుతుందో చూసుకుంటూ నడిచి, అన్నిటికన్నా గట్టిగా వినిపించిన చోట సుద్దముక్కతో అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీయాలి. అక్కడ మామ తవ్వుతాడు.

ఇరవై రెండేళ్ళు ఆ పని చేశాను. ఆఫీసులో నన్ను పేరుపెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ నేను పాముచెవినే. జీతాల కాగితం మీద కూడా ఒకసారి గుమాస్తా పొరపాటున అదే రాయబోయాడట.

ఇంకో సంగతి. మా ఆఫీసులో నాకన్నా ముందునుంచీ ఒక ఆనవాయితీ ఉంది. గుర్తు పెట్టినవాడు గుంత దగ్గర నిలబడకూడదు. నిలబడితే తన గుర్తు మీద తనకే నమ్మకం లేదన్నట్టు, లేదా తవ్వేవాడి మీద అనుమానమన్నట్టు. రెండూ పరువు తక్కువే. అందుకని నేను గీత గీసి, సుద్దముక్క జేబులో వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా టీకొట్టుకు పోయేవాణ్ణి. గంట తర్వాత వస్తే గుంతలో నీళ్ళు ఉబుకుతుండేవి, మోకాలి లోతు బురదలో మామ నిలబడి ఉండేవాడు. "నువ్వు చెప్పిన చోటే అల్లుడూ" అనేవాడు. ఇరవై రెండేళ్ళలో నా పేరు మీద నీళ్ళు తగలని ఎండు గుంత ఒక్కటీ లేదు. ఇంజనీర్లు ఆరుగురు మారారు. నా పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

మరి ఎందుకు వదిలానంటే, నాకే సరిగ్గా చెప్పడం రాదు. మాకు పిల్లల్లేరు. నాకు నలభై ఆరు. ఏ తేదీన పదవీ విరమణో, ఆ రోజు ఏ బల్ల ముందు నిలబెట్టి దండ వేస్తారో, ఎవరు ఏం మాట్లాడతారో కూడా నాకు ముందే తెలుసు. ఇంత గొప్ప చెవి ఈ నాలుగు వీధులకే అంకితమైపోయిందేమిటని లోపల ఒకటే రంపపు కోత. సరిగ్గా అప్పుడే బావమరిది ఫోన్ చేశాడు. వాడు ఆ దేశంలో ఒక నీళ్ళ కంపెనీలో వ్యాన్ నడుపుతాడు. "బావా, వినేవాళ్ళు దొరక్క వీళ్ళు తల పట్టుకుంటున్నారు. నీ గురించి చెప్పాను. ఆర్నెల్లు పని చూస్తారట. నచ్చితే నువ్వూ అక్కా ఇక్కడే ఉండిపోవచ్చు. నచ్చకపోతే ఆర్నెల్లకు తిరుగుప్రయాణం. నీకు నచ్చకపోవడమేంటి బావా, నువ్వు పాముచెవివి!" అన్నాడు.

మా ఆవిడ అన్న మాట ఒకటే. "ఇక్కడ మనకేం తక్కువైందండీ?"

"ఏమీ తక్కువ కాలేదు. అదే నా బాధ" అన్నాను.

ఆమె పద్దెనిమిదేళ్ళుగా ఇంట్లో బట్టలు కుట్టేది. కుట్టుమిషను అమ్మలేదు, పక్కింటావిడకు ఊరికే ఇచ్చేసింది. ఇచ్చే ముందు ఒక పూటంతా కూర్చుని ప్రతి మరకా తుడిచి, నూనె వేసి, పాత చీర కప్పింది. నేను చూస్తూ కూడా చూడనట్టు పెట్టెలు సర్దుకున్నాను.

*

అక్కడ మాకు దొరికింది బట్టలుతికే దుకాణం మీద రెండు గదులు. కింద మిషన్లు తిరిగినంతసేపూ నేల సన్నగా వణుకుతుండేది. గ్లాసులో నీళ్ళు కూడా వణికేవి. మా ఆవిడకు ఆ దుకాణంలోనే ఊడిన గుండీలు కుట్టే పని దొరికింది. ఒకప్పుడు పెళ్ళిబట్టలు కుట్టిన మనిషి, పరాయివాళ్ళ చొక్కాలకు గుండీలు కుడుతూ, "గుండీలైనా గుండ్రంగా ఉన్నాయిలెండి, అదే నయం" అనేది. అలా అన్నప్పుడు నాకు నవ్వు రాకపోయినా నవ్వేవాణ్ణి.

మా పని చూసే పై అధికారి ఒక ఆవిడ. ఆఫీసు గదిలో కూడా పసుపు రంగు టోపీ తియ్యదు కాబట్టి నేనూ బావమరిదీ ఆవిణ్ణి టోపీ అమ్మ అనుకునేవాళ్ళం. చెడ్డ మనిషి కాదు. మాట తక్కువ. ఆవిడ మాట నాకు, నా మాట ఆవిడకు బావమరిది చెప్పేవాడు.

మొదటిరోజు ఒక వీధిలో విని, గీత గీసి, సుద్దముక్క జేబులో వేసుకుని నడిచాను. వెనకనుంచి బావమరిది పరుగెత్తుకొచ్చాడు.

"బావా, ఎక్కడికి? గుంత దగ్గర ఉండాలట."

"నేనెందుకు ఉండాలి? నా మీద నమ్మకం లేదా ఆవిడకి?"

"నమ్మకం కాదు బావా, ఇక్కడ పద్ధతే అంత. గుర్తు పెట్టినవాడు పైపు బయటపడేదాకా నిలబడాలి. తర్వాత కాగితం మీద సంతకం పెట్టాలి."

పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నా గీత మీద పలుగు దిగడం చూశాను. రోడ్డు పగిలింది, కంకర వచ్చింది, మట్టి వచ్చింది, ఆ తర్వాత నీలం రంగు ప్లాస్టిక్ పైపు వచ్చింది. పొడిగా, శుభ్రంగా, అంగట్లోంచి అప్పుడే తెచ్చినట్టు ఉంది. చుక్క తడి లేదు. నేను సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఎండు గుంతలు వరసకట్టాయి. ఒకటీ అరా చిల్లు తగిలితే అది గుడ్డిగా తగిలిందేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు దొరికిన దొంగ ప్లాస్టిక్. ప్లాస్టిక్ పైపు చప్పుడును మింగేస్తుంది, ఆ మాట నిజమే, అక్కడి పనివాళ్ళూ ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి రోజూ ప్లాస్టిక్‌ను తిట్టేవాణ్ణి. "ఇనుము ఇవ్వమను, చూపిస్తాను. ఇనుము మాట్లాడుతుంది. ఇదేంటి, బొమ్మల పైపు!" మా ఆవిడ గుండీలు కుడుతూ ఊ కొట్టేది.

అయిదో నెల నడుస్తుండగా బావమరిది మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. "బావా, టోపీ అమ్మ ఒప్పుకుంది. పాత బస్తీలో అన్నీ ఇనప పైపులే. సోమవారం నిన్ను అక్కడికి తీసుకెళ్తుందట. అక్కడ ఒక్కటి పట్టు చాలు, నువ్వు ఉండిపోయే కాగితం మీద సంతకం పెట్టేస్తానంది." తర్వాత గొంతు తగ్గించాడు. "పట్టకపోతే మాత్రం ఇంక తనేం చేయలేనంది. ఇంతకన్నా ఆగితే నా మీదకూ వస్తుంది బావా. నేనే కదా పూచీ ఉన్నది."

నేను వాణ్ణి కావలించుకున్నాను. ఆ రాత్రి గుర్రుపెట్టి నిద్రపోయానట.

*

ఆదివారం పగటిపూట మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని పాత బస్తీ చూడ్డానికి వెళ్ళాను. రాతి పలకలు పరిచిన ఇరుకు వీధి. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. తాళాలు బాగుచేసే కొట్టు ముందు పెద్ద తాళంచెవి బొమ్మ వేలాడుతోంది. మా ఆవిడ భోజనం డబ్బా పట్టుకుని అరుగు మీద కూర్చుంది. నేను ఒక వాల్వు మూత తీసి కడ్డీ ఆనించాను. నిశ్శబ్దం. బాగున్న పైపు. రెండోది, మూడోది, అన్నీ అంతే.

"ఈ వీధి నిక్షేపంగా ఉంది. ఇనుమంటే ఇలా ఉండాలి" అన్నాను.

"ఏదీ, నన్నోసారి విననివ్వండి" అంది ఆవిడ లేచి. "ఇన్నేళ్ళుగా ఈ కడ్డీ నాకు సవతి. దీనిలో ఏముందో నేనూ చూస్తాను."

నేను నవ్వుతూ ఇచ్చాను. ఆమె చెవిపోగు పక్కకు తప్పించి, తల ఆనించి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఇదేంటండీ, ఇలా బుస్సుమంటోంది?"

"ఏది?"

"ఇదే. కొత్త గుడ్డ చింపుతున్నట్టుగా. ఆగట్లేదు."

నేను కడ్డీ లాక్కుని విన్నాను. ఏమీ లేదు. "గాలి అయ్యుంటుంది. మళ్ళీ విను." మళ్ళీ అదే అంది. వీధి ఎగువనున్న వాల్వు దగ్గరకు తీసుకెళ్ళాను. "ఇక్కడ తక్కువ" అంది. కిందికి వచ్చాం. "ఇక్కడ ఎక్కువ." ఆమెకు ఆట దొరికింది. తనే కడ్డీ పట్టుకుని రాయి రాయికీ ఆనించుకుంటూ వెళ్ళి, తాళాల కొట్టు ముందు ఆగి, "ఇదిగో, ఇక్కడ! అబ్బ, చెవి చిల్లు పడేలా ఉంది" అని నవ్వుతూ నా వైపు తిరిగింది. నా మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మీకు వినిపించట్లేదా?"

"వినిపిస్తోంది."

"అబద్ధం."

చేతి గడియారం విప్పి నా కుడి చెవి దగ్గర పెట్టింది, తర్వాత ఎడమ చెవి దగ్గర. అది నడుస్తోందని ముల్లు చూస్తే తెలుస్తోంది. చెవికి తెలియలేదు. మాటలు నాకు బాగానే వినిపిస్తాయి. వ్యాన్ల మోతా వినిపిస్తుంది. సన్నటి చప్పుళ్ళే నాతో చెప్పకుండా ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు" అంది ఆమె మెల్లగా. "పొగరనుకున్నాను. ఎన్నిసార్లు ఏడ్చానో. ఇదా సంగతి?"

పిలిచీ పిలిచీ ఆమె విసుక్కుంటే, ఊరికే కస్సుమంటుందేమిటని నేనూ అనుకునేవాణ్ణి. ఆ తగాదాలన్నీ ఏమీ లేనిదానికి పడ్డ తగాదాలు. నాకు ఏడుపొచ్చింది. వీధిలో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

కానీ ఒకటి అంతు చిక్కలేదు. ఇక్కడికి వచ్చేదాకా మా ఊళ్ళో చిల్లులన్నీ పట్టింది నేనే కదా? ఒక్క ఎండు గుంత లేదు కదా? ఇంటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని, మామకు ఫోన్ చేశాను. పలకరింపులు కానివ్వలేదు.

"మామా, నిజం చెప్పు. నేను గుర్తు పెట్టిన చోటే తవ్వేవాడివా?"

చాలాసేపు చప్పుడు లేదు. అది కూడా నాకు వినిపించడం లేదేమో అనుకున్నాను.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

గోడకు ఆనుకున్నాను.

"ఆరేళ్ళయింది అల్లుడూ. మొదట్లో ఒక మూర పక్కకు పోయేది. తర్వాత రెండు మూరలు. చివర్లో అయితే నాలుగు మూరలు కూడా పోయేది. నేను ముప్పై ఏళ్ళు మట్టిలో ఉన్నవాణ్ణి. పార దించితే తడి ఎటుందో తెలిసిపోతుంది. నీ గీత దగ్గర మొదలెట్టి తడి వెంట పోయేవాణ్ణి. నువ్వు టీ తాగి వచ్చేలోపు మొదటి గుంత పూడ్చి, మీద నాలుగు రాళ్ళు సర్దేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తావు? నీకు వినడం తప్ప ఇంకో పని రాదు. నాకు తవ్వడం వచ్చు. తవ్వాను. ఆ రోజు స్టోరు దగ్గర చెప్పేద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు. నీ మొహం వెలిగిపోతోంది మరి."

"తిరిగొచ్చేస్తే? ఇంజనీరుగారి కాళ్ళు పట్టుకుంటాను."

"నీ చోట మిషను కొన్నారు అల్లుడూ. నేనూ పోయిన నెల దిగిపోయాను. నా చోట ఎవరినీ పెట్టలేదు. తప్పు నాదే. నిన్ను నేనే చెడగొట్టాను."

కాదని చెప్పాలి. అంత మంచి మనిషిని ఆ మాట అనుకోనివ్వకూడదు. కానీ నా నోరూ పెగల్లేదు. ఫోన్ పెట్టేశాను.

లోపలికి వెళితే మా ఆవిడ సూదుల పెట్టె ముందేసుకుని కూర్చుంది. అంతా విన్నది. ఆమెకు చెవులున్నాయి.

"రేపు ఆ తాళాల కొట్టు ముందే గీత గీయండి" అంది.

"అది మోసం కాదా?"

"మామ చేసింది మోసమా?" అంది. "నేనూ అదే చేస్తున్నాను. సంతకం కానివ్వండి, తర్వాత సంగతి తర్వాత. రోజూ మీ వెంట వస్తాను. గుండీలు సాయంత్రాలు కుట్టుకుంటాను."

చీకటి పడకముందే మళ్ళీ వెళ్ళి, ఆ కొట్టు తలుపు రింగుకు ఎర్ర దారం ఒకటి ముడివేసి వచ్చింది, నేను రాయి మరిచిపోకుండా. ఇక్కడికి రావడం ఇష్టం లేని మనిషి, ఇక్కడ ఉండిపోవడం కోసం ముడులు వేస్తోంది. ఆ రోజు నాకు ఆమె మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఏం లాభం?

*

సోమవారం పొద్దున బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వాడి పరువు కూడా ఆ వ్యాన్‌లో కూర్చుని ఉంది. టోపీ అమ్మ నన్ను చూసి మొదటిసారి నవ్వింది. పాత బస్తీ వచ్చింది. తాళంచెవి బొమ్మ కనిపించింది. తలుపు రింగుకు ఎర్ర దారం కూడా కనిపించింది. వ్యాన్ ఆగలేదు.

"ఈ వీధి కాదా?" అన్నాను.

వాడు ఆవిణ్ణి అడిగి చెప్పాడు. "ఇక్కడ చిల్లున్నట్టు పోయిన వారమే తెలిసిందట బావా. బుధవారం తవ్వుతారట. మనం పట్టాల్సింది వెనక వీధిలో. నీళ్ళు పోతున్నాయని తెలుసు, ఎక్కడో తెలియట్లేదట."

వెనక వీధిలో దిగాం. నేను వినాలని ఇంజను ఆపేశారు. బావమరిది అటుగా వస్తున్న తోపుడుబండి వాణ్ణి బతిమాలి అక్కడే నిలబెట్టాడు. టోపీ అమ్మ చేతిలో కాగితాలు చప్పుడు చేయకుండా గుండెకు ఆనించుకుంది. అంతమంది నా కోసం ఊపిరి బిగబట్టారు. నేను ఒక్కో వాల్వుకూ కడ్డీ ఆనించి, కళ్ళు మూసుకుని, పాముచెవి ఎలా వింటాడో అచ్చం అలాగే విన్నాను. నా చెక్క గుండీలో నా గుండె తప్ప ఇంకేమీ లేదు.

ఆవిడతో చెప్పేయొచ్చు. నాకు వినిపించదమ్మా, నన్ను పంపించేయండి అనొచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావమరిది మొహం చూసి మింగేశాను. ఒక చోట రాయి కొద్దిగా కుంగినట్టు కనిపించింది. అక్కడ గీశాను.

సుద్దముక్క జేబులో వేసుకోగానే నా కాళ్ళు వాటంతట అవే టీకొట్టు వెతుక్కుంటూ కదిలాయి. బావమరిది చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, నిలబడాలి."

నిలబడ్డాను.

తవ్వేవాడు నడివయసు మనిషి. వీపు వెడల్పుగా, వెనకనుంచి చూస్తే మామలాగే ఉన్నాడు. నా గీత చూశాడు, నన్ను చూశాడు, సరేనన్నట్టు తలాడించి పలుగు ఎత్తాడు. రాళ్ళు లేచాయి. మట్టి వచ్చింది. పొడి మట్టి. ఇంకా పొడి మట్టి. నేను మనసులో వేడుకుంటున్నాను. నాయనా, ఒక్కసారి చేత్తో మట్టి నలిపి చూడు. తడి ఎటుందో చూడు. ఒక మూర ఇటు జరుగు, లేదా అటు జరుగు. నేను కావాలంటే టీకి పోతాను, వెనక్కి తిరిగి చూడను.

పాపం, మంచి పనివాడు. ఎక్కడా ఆగలేదు. గుంత గోడలు నిటారుగా, గీత గీసినట్టు తవ్వుకుంటూ దిగాడు. అడుగున తుప్పు పట్టిన ఇనప పైపు, పొడిగా, బయటపడ్డాక తలెత్తి నా వైపు చూశాడు. సరిగ్గా నేను చెప్పిన చోటే తవ్వాడు. ఒక్క జానెడు కూడా పక్కకు జరగలేదు.